నిద్ర కోసేస్తే చదువు ఒంటబట్టదు

సంపాదకుడు గారికి,

మా మారతహళ్లి వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువ. పిల్లల్ని నీట్, జేఈఈ హాస్టళ్లలో వేసేవాళ్లూ ఎక్కువే. మా అక్క కూతురు ఉండే హాస్టల్లో టైమ్‌టేబుల్ చూశాను. తెల్లవారుజామున 4.30కి లేవాలి, రాత్రి 11.30 దాకా స్టడీ అవర్స్. వార్డెన్‌ని అడిగితే "రిజల్ట్ కావాలంటే ఇంతేనండీ" అన్నారు. నేను రాస్తున్నదీ ఆ రిజల్ట్ గురించే.

చదివేటప్పుడు ఒక నాడీకణం నుంచి ఇంకో కణానికి సంకేతాలు వెళ్తాయి. అవి దాటే చోటే సినాప్స్. సంకేతం గట్టిగా, మళ్లీ మళ్లీ వస్తే అవతలి కణంలోకి కాల్షియం వెళ్లి ఆ సినాప్స్ బలపడుతుంది. బ్లిస్, లోమో అనే శాస్త్రవేత్తలు కుందేళ్ల మెదడులో దీన్ని చూసి 1973లో ప్రకటించారు. కానీ ఆ బలం రోజుల తరబడి నిలవాలంటే కణంలో జన్యువులు పనిచేసి కొత్త ప్రోటీన్లు తయారవ్వాలి. అందుకు వ్యవధి కావాలి. పైగా గాఢనిద్రలో, జ్ఞాపకానికి కీలకమైన మెదడు భాగం హిప్పోక్యాంపస్‌లోని కణాలు పగలు సంకేతాలు పంపిన వరుసనే మళ్లీ నెమరు వేస్తాయి. ఎలుకల్లో దీన్ని 1990లలోనే గమనించారు. అర్ధరాత్రి దాకా చదివించి నాలుగున్నరకి లేపితే ఈ పని ఎప్పుడు జరగాలి?

టెన్షన్ చేసే చేటు మన బెంగళూరులోనే బయటపడింది. ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ), నిమ్హాన్స్ (మానసిక ఆరోగ్య, నాడీ వైద్య సంస్థ) శాస్త్రవేత్తలు ఎలుకల్ని రోజుకు 2 గంటల చొప్పున 10 రోజులు కదలనివ్వకుండా ఉంచారు. జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో కణాల కొమ్మలు కుదించుకుపోయాయి, భయంతో ముడిపడిన అమిగ్డాలాలో మాత్రం పెరిగాయి. ఇది 2002 నాటి సంగతి. ఎలుకలు వేరు, పిల్లలు వేరు, నిజమే. అయినా వారం వారం ర్యాంకులు గోడకి అంటించేవాళ్లు ఒక్కసారి దీని గురించి ఆలోచించాలి.

13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులే చెబుతున్నారు. కోచింగ్ క్లాసులు రోజుకు 5 గంటలు మించకూడదనీ, మరీ పెందలాడే గానీ మరీ రాత్రి గానీ పెట్టకూడదనీ కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. స్టడీ అవర్స్ అని పేరు మారిస్తే అది క్లాసు కాకుండా పోతుందా?

హాస్టళ్లలో రాత్రి 10కి లైట్లు ఆర్పాలని, ఉదయం 6కి ముందు లేపకూడదని కర్ణాటక విద్యాశాఖ నిబంధన పెట్టాలి. తనిఖీకి వచ్చే అధికారులు వంటగది, బాత్రూమ్‌లతో పాటు టైమ్‌టేబుల్ కూడా చూడాలి. చేర్పించే ముందు ఫీజు అడిగే తల్లిదండ్రులు, పిల్లల్ని ఎన్నింటికి పడుకోనిస్తారో కూడా అడగాలి.

— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు