పట్టా ఇచ్చాక మా జాడ ఎవరి దగ్గర ఉంది? కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో కణజీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేశాను. పట్టా చేతికొచ్చి తొమ్మిదేళ్లయింది. ప్రస్తుతం ఇదే నగరంలో ఒక ప్రైవేటు కంపెనీలో క్లినికల్ ట్రయల్స్ నివేదికలు రాసే ఉద్యోగం చేస్తున్నాను. ఆ ఉద్యోగం మీద నాకే ఫిర్యాదూ లేదు, జీతం సమయానికి వస్తుంది, పని గౌరవప్రదమైనదే. నేను మీ దృష్టికి తేవాలనుకున్న సంగతి వేరు. నాకు ఐదేళ్లు ఫెలోషిప్ ఇచ్చిన ప్రభుత్వం గానీ, పట్టా ఇచ్చిన సంస్థ గానీ ఈ తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా నేను ఎక్కడున్నానో, ఆ చదువుతో ఏం చేస్తున్నానో అడగలేదు. నన్నే కాదు, నాతోపాటు ఆ ఏడాది చేరిన పద్నాలుగు మందిలో ఎవరినీ అడగలేదు.

మాకొక వాట్సాప్ గ్రూపు ఉంది కాబట్టి ఆ లెక్క నేనే చెప్పగలను. ఇద్దరు అధ్యాపకులయ్యారు. నలుగురు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) కోసం విదేశాలకు వెళ్లారు, వారిలో ఒకరు మూడో ల్యాబ్‌లో, మూడో వీసా మీద, ఇప్పటికీ పోస్ట్‌డాక్‌గానే ఉన్నారు. నాతో కలిపి ముగ్గురం ఫార్మా రంగంలో ఉన్నాం. ఒకరు పేటెంట్ల విశ్లేషణ చేస్తున్నారు, ఒకరు ఫ్లో సైటోమీటర్లు (కణాలను లెక్కించి విశ్లేషించే యంత్రాలు) అమ్మే కంపెనీ తరఫున ల్యాబ్‌ల చుట్టూ తిరిగి వాటిని ఎలా వాడాలో నేర్పుతున్నారు. ఒకరు ఏడాదికోసారి పొడిగించే ప్రాజెక్టు పోస్టులో ఉన్నారు. మరొకామె బిడ్డ పుట్టాక రెండేళ్లు ఆగి తిరిగి వచ్చేసరికి వయోపరిమితి దాటిపోయింది. మా అందరిలోకీ చురుకైన ప్రయోగశీలి ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో నీట్ పిల్లలకు జువాలజీ చెబుతున్నాడు. ఇక్కడ పోస్ట్‌డాక్‌కు ఇచ్చేదానికంటే అక్కడే ఎక్కువ ఇస్తున్నారని ఉన్నమాట చెప్పాడు. మేము ఏమీ అనలేకపోయాం.

పద్నాలుగు మంది లెక్క పెద్ద లెక్క కాదని నాకు తెలుసు. అయితే దీనికన్నా పెద్ద లెక్క ఎవరి దగ్గర ఉందో చెప్పండి. ఉన్నత విద్యపై ప్రభుత్వమే జరిపే అఖిల భారత సర్వే ప్రకారం 2014-15లో అన్ని సబ్జెక్టుల్లోనూ కలిపి 1.17 లక్షలుగా ఉన్న పీహెచ్‌డీ నమోదు 2021-22 నాటికి 2 లక్షల పైచిలుకుకు చేరింది, అంటే ఎనభై శాతానికి పైగా పెరిగింది. మహిళల నమోదైతే రెట్టింపయింది. సంతోషించవలసిన విషయమే. విద్యాసంస్థలకు ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ కూడా ఏ సంస్థ ఎంతమందికి పీహెచ్‌డీ పట్టాలిచ్చిందో అడిగి, దానికి మార్కులు వేస్తుంది. డిగ్రీ, పీజీ విద్యార్థుల విషయంలో ఎందరికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత అని కూడా అడుగుతుంది. పీహెచ్‌డీ దగ్గరికొచ్చేసరికి పట్టాతో లెక్క ఆగిపోతుంది. పట్టా పుచ్చుకున్నవాడు తప్పకుండా ప్రొఫెసరో శాస్త్రవేత్తో అవుతాడు కదా, ఇంక అడిగేదేముంది అన్న పాత నమ్మకమే దీనికి కారణమని నా అనుమానం. ముప్పయ్యేళ్ల కిందట అది కొంతవరకు నిజం కూడా.

ఖర్చు వైపు నుంచి చూసినా ఈ నిర్లక్ష్యం వింతగానే కనిపిస్తుంది. 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం జేఆర్ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000 రూపాయలు. రెండేళ్లు మొదటిది, మూడేళ్లు రెండోది కడితే ఒక్కొక్కరి మీద ఫెలోషిప్ రూపంలోనే సరిగ్గా 24 లక్షలు ఖర్చవుతోంది. ఇంటి అద్దె భత్యం, రసాయనాలు, యాంటీబాడీలు, ఎలుకల పెంపకం, యంత్రాలు దీనికి అదనం. మా ఊళ్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద ఇల్లు కట్టుకుంటున్న మనిషి దశదశకూ కట్టడం దగ్గర ఫొటో తీయించి, అది జియోట్యాగ్ అయితే (ఎక్కడ తీశారో నమోదైతే) తప్ప తర్వాతి విడత డబ్బు కళ్లజూడలేడు. అంత పట్టుదలగా ఇటుకలను లెక్కపెట్టే ప్రభుత్వం మనుషుల విషయంలో ఇంత ఉదారంగా ఎందుకుందో నాకు అర్థం కాదు.

లెక్క లేకపోవడం వల్ల జరిగే మొదటి నష్టం చేరేవాళ్లకే. బీఎస్సీ, ఎమ్మెస్సీ పూర్తిచేసి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో ఫెలోషిప్ కోసం నెట్ పరీక్ష రాసి ల్యాబ్‌లో అడుగుపెట్టే అమ్మాయికో అబ్బాయికో, ఆ సంస్థ నుంచి గత పదేళ్లలో బయటికొచ్చినవాళ్లు ఎక్కడ తేలారో తెలిపే కాగితం ఒక్కటీ ఉండదు. గైడ్‌ను అడిగితే తన విద్యార్థుల్లో విదేశాల్లో ప్రొఫెసర్ అయిన ఒకరిద్దరి పేర్లు చెబుతారు. మిగిలినవాళ్ల పేర్లు ఆయన మరిచిపోయారని కాదు, కంపెనీకి వెళ్లినవాళ్లు దారి తప్పినవాళ్లన్న భావన మన ల్యాబ్‌లలో ఇంకా పోలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1930లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పొందారు. అక్కడ శాశ్వత స్థానం దక్కక 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీ, క్యాన్సర్‌పై వాడిన తొలి మందుల్లో కొన్ని, ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ అన్నీ ఆ తర్వాత ఆయన నడిపించిన బృందాల నుంచి వచ్చినవే. మన జిల్లాల్లో ఇప్పటికీ ఇంటింటికీ తిరిగి పంచే బోదకాలు మాత్ర కూడా అక్కడిదే. ఆయన బొమ్మ గోడకు తగిలించిన సంస్థల్లోనే కంపెనీ ఉద్యోగం అనగానే మొహం చిట్లిస్తారు.

ఇక కంపెనీల తలుపు దగ్గర మాకెదురయ్యే సంగతి. నా మొదటి ఇంటర్వ్యూలో నింపమని ఇచ్చిన దరఖాస్తులో ‘మొత్తం అనుభవం’ అనే గడి ఉంది. ఆరేళ్లు అని రాశాను. హెచ్ఆర్ అధికారి నా ముందే దాన్ని కొట్టేసి సున్నా వేశారు. ‘అది చదువు కదండీ, మీరు ఫ్రెషరే’ అన్నారు మర్యాదగానే. ఆ ఆరేళ్లలో నేను ఇద్దరు జూనియర్లకు పని నేర్పాను, ల్యాబ్‌కు కావలసిన సరుకు ఇండెంట్లు పెట్టాను, జంతు ప్రయోగాల అనుమతి పత్రాలు తయారుచేశాను, రెండు పేపర్లు రాశాను. ఒక ఏడాది ఏడు నెలలపాటు ఫెలోషిప్ రాకపోతే, ప్రయోగం ఆపకుండా అప్పుచేసి నెట్టుకొచ్చాను. అయితే ఆ అధికారి మాటలోనూ కొంత న్యాయం ఉంది. జీఎమ్‌పీ (మందుల తయారీలో పాటించవలసిన నాణ్యతా నియమాలు) అంటే ఏమిటో, ఒక ఎస్‌ఓపీలో (పని చేయవలసిన తీరును రాసిన పత్రంలో) మార్పు చేయాలంటే ఎన్ని సంతకాలు కావాలో, మందు అనుమతి కోసం పెట్టే ఫైలు ఎలా ఉంటుందో నాకు అప్పుడు ఒక్క ముక్క తెలియదు. మా సంస్థ నుంచి మందుల, బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీకి గంటన్నర ప్రయాణం. ఆరేళ్లలో మమ్మల్ని ఒక్కరోజైనా అటు తీసుకెళ్లినవారు లేరు.

అమెరికాలో ఇదే సమస్య మనకన్నా ముందు ముదిరింది. జీవవైద్య పరిశోధన రంగంలో పనిచేసేవాళ్ల పరిస్థితిపై అక్కడి ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ) నియమించిన బృందం 2012లో నివేదిక ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది నుంచి 17 సంస్థలకు ప్రత్యేకంగా నిధులిచ్చి, పీహెచ్‌డీ విద్యార్థులకు అధ్యాపక వృత్తికి బయట ఉన్న పనులను చదువుకునే రోజుల్లోనే పరిచయం చేయించారు. 2017లో కొన్ని పేరున్న విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు ఒక కూటమిగా ఏర్పడి, తమ దగ్గర ఎందరు చేరారు, ఎన్నేళ్లకు బయటపడ్డారు, ఇప్పుడు ఏ పనిలో ఉన్నారు అన్న వివరాలను అందరికీ కనిపించేలా ప్రచురించడానికి సిద్ధపడ్డాయి. అది చదివి పీహెచ్‌డీలో చేరడం మానుకున్నవాళ్లు కొందరు ఉండవచ్చు. తెలిసి మానుకోవడం మంచిదే.

మన సొంత ప్రత్యేకత వయోపరిమితి. కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి అయిన సీఎస్‌ఐఆర్ సంస్థల్లో ప్రవేశ స్థాయి సైంటిస్టు పోస్టుకు సాధారణంగా 32 ఏళ్లు. యువ శాస్త్రవేత్తలకిచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌కూ అంతే. సడలింపులున్నాయి, కాదనను. కానీ చేతివేళ్ల మీద లెక్కేయండి: ఇరవై నాలుగో ఏట చేరి, ఆరేళ్లకు పీహెచ్‌డీ ముగించి, ఒక పోస్ట్‌డాక్ చేసినవాడు ముప్పై మూడులో ఉంటాడు. పోస్ట్‌డాక్ అనుభవం లేనిదే ఎంపిక కాడు, ఆ అనుభవం సంపాదించేలోపు అర్హత పోతుంది. పల్లెటూరి ప్రభుత్వ కాలేజీలో చదివి, మధ్యలో రెండేళ్లు ఇంటి అవసరాల కోసం ఉద్యోగం చేసి వచ్చినవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. పరిష్కారం కోసం ఎక్కడో వెతకవలసిన పని కూడా లేదు. మీ ఆధీనంలోని బయోటెక్నాలజీ విభాగం బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్టుతో కలిసి నెలకొల్పిన ఇండియా అలయన్స్ హైదరాబాద్‌లోనే ఉంది. అది ఫెలోషిప్‌లకు వయసు అడగదు, పీహెచ్‌డీ తర్వాత ఎన్నేళ్ల పరిశోధన అనుభవం ఉందో అడుగుతుంది. తమ విభాగమే పాటిస్తున్న పద్ధతిని మిగతా సంస్థలకు వర్తింపజేయడానికి కొత్త కమిటీ అవసరమా?

నేను ఎక్కువసేపు మాట్లాడదలచుకున్న విషయం మరొకటి ఉంది. ఒక సంస్థలో (పేరు అనవసరం) కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు ఉండేది, ఖరీదు కోట్లలో. దాన్ని చూసుకునే మనిషి మాకు మూడేళ్లు సీనియర్, పీహెచ్‌డీ చేసినవారు, పోస్టు మాత్రం కాంట్రాక్టు. వాడినవాళ్లు 63ఎక్స్ లెన్సు మీద నూనె అలాగే వదిలేసి వెళ్తే, రాత్రి తొమ్మిదింటికైనా వచ్చి లెన్సు కాగితంతో తుడిచేవారు. ఏ లేజర్ ఎంత బలంతో పెడితే కణం కాలిపోకుండా బొమ్మ వస్తుందో ఆయనకు చేతికి తెలుసు. బయటి సంస్థల పేపర్లలో కూడా చివర ఆయనకు కృతజ్ఞతలు ఉండేవి, రచయితల పేర్లలో ఎప్పుడో గానీ ఉండేది కాదు. ఐదో ఏడు పొడిగింపు రాలేదు. వెళ్లేముందు ఒక నోట్‌బుక్ నిండా సూచనలు రాసి యంత్రం పక్కన పెట్టారు. నెల తిరగకుండా ఒక డిటెక్టర్ పాడైంది. కంపెనీ ఇంజినీరు వచ్చేదాకా బుకింగ్ కాగితం ఖాళీగా, యంత్రం మీద ముసుగు కప్పి, అయిదు నెలలు ఉండిపోయింది. ఆ సమయంలో ముగ్గురి థీసిస్‌లు ఆగిపోయాయి.

యంత్రానికి గ్రాంటులో గడి ఉంది, దాన్ని నడిపే నిపుణుడికి లేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు, మాస్ స్పెక్ట్రోమీటర్లు, జీనోమ్ సీక్వెన్సర్లు ఉన్న ప్రతిచోటా ఇదే కథ. వాటిని నడపడం, విద్యార్థులకు నేర్పడం, డేటా విశ్లేషించడం అన్నవి పూర్తికాలపు శాస్త్రవృత్తిగా గుర్తించి, పదోన్నతులతో కూడిన శాశ్వత పోస్టులు ఏర్పరిస్తే, ప్రొఫెసర్ కావాలన్న కోరిక లేకపోయినా ల్యాబ్ అంటే ప్రాణంపెట్టే వందలమందికి చోటు దొరుకుతుంది. దేశంలో పరిశోధనకు నిధులిచ్చే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు 2023 నుంచి 2028 వరకు 50,000 కోట్లు సమకూర్చాలన్నది లక్ష్యం. అందులో ఎంత భాగం యంత్రాలకు, ఎంత భాగం వాటిని నడిపే మనుషులకు అన్నది ఇప్పుడే తేల్చవలసిన సంగతి.

వైద్య కళాశాలల మాట మీ శాఖ పరిధిలోది కాదు, అయినా మీరు ఒక మాట చెప్పగలరు. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ విభాగాల్లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసినవాళ్లకు ఉన్న అధ్యాపక పోస్టుల కోటాను 2020లో తగ్గించి, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీల్లో తలుపు పూర్తిగా మూసేశారు. 2025 జులైలో వచ్చిన నిబంధనలు ఆ రెండు విభాగాలనూ మళ్లీ తెరిచాయి. తెలంగాణలో జిల్లాకో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఒక్కరోజే ఐదు మొదలయ్యాయి. పాఠం చెప్పేవాళ్లు కావలసింది అక్కడే. మధ్యలోని ఐదేళ్లలో వయసు దాటిపోయినవాళ్లకు ఎవరు జవాబు చెబుతారో నాకు తెలియదు. విదేశాల దారి కూడా మునుపటిలా లేదు. 2025లో అమెరికా పరిశోధన నిధుల్లో కోతలు పడ్డాయి, అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారి పేరిట, విదేశాల నుంచి తిరిగివచ్చే శాస్త్రవేత్తల కోసం మీ బయోటెక్నాలజీ విభాగం ఒక ఫెలోషిప్ నడుపుతోంది. శ్రీకాకుళంలో పుట్టిన మనిషి పేరు దానికి ఉండటం మాకు గర్వకారణమే. అయితే ఇక్కడే ఉండిపోయినవాడి కోసం ప్రత్యేకించి అలాంటి పథకం ఎందుకు లేదన్న ప్రశ్న మాలో చాలామందికి ఉంది.

చివరగా నా అభ్యర్థన ఒక్కటే, ఖర్చు కూడా ఎక్కువ కాదు. మీ శాఖ పరిధిలోని ప్రతి పరిశోధన సంస్థా గత పదేళ్లలో తమ దగ్గర పీహెచ్‌డీ పొందినవారు పట్టా వచ్చిన ఏడాదికి, ఐదేళ్లకు, పదేళ్లకు ఏ రంగంలో ఉన్నారో, పేర్లు లేకుండా, సంఖ్యల్లో, తమ ప్రవేశ ప్రకటన పక్కనే ప్రచురించాలని ఆదేశించండి. చేరి మధ్యలో మానేసినవారి సంఖ్య కూడా అందులో ఉండాలి. నేను పైన చెప్పిన వయోపరిమితి, శాశ్వత పోస్టులు, కంపెనీలతో పరిచయం వంటివాటిలో దేనికి ముందు డబ్బు పెట్టాలో ఆ పట్టిక చూశాక మీ అధికారులే మీకు చెప్పగలుగుతారు. నా బ్యాచ్‌కు సంబంధించిన పద్నాలుగు గడులు నేను ఇప్పటికే నింపి పెట్టాను. మీ కార్యాలయం అడిగిన రోజున పంపగలను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పూర్వ పరిశోధక విద్యార్థి,
హైదరాబాద్