నా ట్యూన్‌కి నాకే క్లెయిమ్ పడిందిరా

గుంటూరు, బ్రాడీపేట

ఒరేయ్ సురేషూ,

ఎట్టున్నావురా? హైదరాబాద్ పోయాక నీకు ఫోన్ ఎత్తే తీరికే లేదు, అందుకే కూర్చుని రాస్తున్నా, తిట్టుకోకుండా చివరిదాకా చదువు.

2019లో ఆ చర్చివాళ్ళ క్రిస్మస్ ఆల్బమ్‌కి మోహన రాగంలో ఒక పాట చేశాం చూడు, ఫ్లూట్ బిట్ దగ్గర నువ్వు మిక్సింగ్‌లో కూర్చుని రాత్రి రెండింటిదాకా నన్ను చంపావే, అదే. మొన్న మా పాప దాన్ని కీబోర్డు మీద వాయిస్తుంటే ముచ్చటేసి ఫోన్లో తీసి యూట్యూబ్‌లో పెట్టా. సాయంత్రానికల్లా ‘ఈ పాట హక్కులు మావి’ అని ఆ చర్చి ఛానల్ నుంచి కాపీరైట్ క్లెయిమ్! నేను కట్టిన ట్యూన్‌కి నాకే! మా ఆవిడైతే ఒకటే నవ్వు.

అప్పుడు నాకిచ్చింది ఎంతో గుర్తుందా? ఆరువేలు, అదీ ‘ప్రేమకానుక’ అని రాసిన కవర్లో. స్టూడియోకి గంటల లెక్కన కట్టారు, తబలా ఆయనకిచ్చారు, కోరస్ పిల్లలకిచ్చారు, రిలీజ్ రోజు షామియానా వాడికీ బిర్యానీ వాడికీ కూడా అణా పైసల్తో ఇచ్చారు, నా దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఇది పరిచర్య కదా బ్రదర్, దేవుడు చూసుకుంటాడు" అంట. ఆ షామియానా వాణ్ణి కూడా దేవుణ్ణే చూసుకోమనొచ్చు కదరా! చర్చిల్నే అంటున్నానని అనుకోకు, విజయవాడలో భవానీల పాటలు చేసినప్పుడూ ఇదే తంతు, అక్కడ ‘అమ్మవారి సేవ’ అన్నారు, లడ్డూలు నాలుగు ఎక్కువిచ్చారు అంతే తేడా.

ఆరాధనలో పాడుకుంటే డబ్బులడిగేంత కక్కుర్తి నాకు లేదురా, గుణదల తిరనాళ్ళప్పుడు కొండెక్కే జనం నా పల్లవి పాడుకుంటా పోతుంటే ఆ సంతోషం వేరు. చట్టం కూడా దాన్ని వదిలేసింది, నిజమైన మత కార్యక్రమంలో పాడితే ఉల్లంఘన కాదని 52వ సెక్షన్‌లో ఉంది. నా గొడవంతా వాళ్ళ ఛానల్ గురించే, యాడ్స్ వేసుకుని సంపాదించేదాంట్లో సేవ ఎక్కడుంది చెప్పు?

అప్పుడు నాతో సంతకం పెట్టించుకున్న వంద రూపాయల స్టాంపు పేపరు ఉంది కదా, తెలిసిన లాయరుగారికి చూపించా. ఆయన చెప్పాక గానీ తెలీలేదు, 2012లో కాపీరైట్ చట్టం మార్చారంట, పాట రాసినోడు, ట్యూన్ కట్టినోడు హక్కులు రాసిచ్చేసినా రాయల్టీలో సమాన వాటా మాత్రం వదులుకోడానికి లేదంట, వదులుకున్నామని సంతకం పెట్టినా చెల్లదు, వారసులకో, మన తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకో తప్ప. ఇంకో తమాషా, ఆ పేపర్లో ‘సర్వహక్కులు’ అని ఉంది గానీ ఎన్నేళ్ళకో లేదు, కాలం రాయకపోతే ఐదేళ్ళకే ఇచ్చినట్టు లెక్కంట, అంటే 2024తోనే సరి. మిక్సింగ్ చేసినోడికి ఈ వాటా రాదంటలే, నీకు బిర్యానీ నేను పెట్టిస్తా.

ఈ సంగతి తెలిసి అడగబోతే వాళ్ళే పిలిచి నెలకి పదిహేను వేల జీతం, మ్యూజిక్ డైరెక్టర్‌గా ఉండమన్నారు. మా ఆవిడ ఒప్పుకోమంటోంది, స్కూలు ఫీజులు, అద్దె, ఆమె మాటా నిజమే. కానీ జీతానికుండి చేసిన ట్యూన్‌కి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి ఓనరు జీతమిచ్చినోడే అవుతాడంట. అందుకే ఒక్క లైను రాయమన్నా, ట్యూన్లు నావి, ఛానల్లో వచ్చేది చెరిసగం అని. పాస్టరు అయ్యగారి మొహం మాడిపోయింది, "మీ మనసు లోకంలోకి పోయింది బ్రదర్" అన్నాడు. జీతం లోకంలోది కాదా మరి! ఆదివారానికి చెప్పమన్నారు, ఆ లైను లేకపోతే చేరనని చెప్పేస్తా, పెళ్ళిళ్ళ సీజన్ ఎట్టాగూ వస్తోంది, కీబోర్డు ఉంది.

ఇప్పుడు అసలు పని. ఆ పాట సెషన్ ఫైల్స్, నేను హమ్ చేసిన మొదటి రఫ్ వాయిస్, తేదీల్తో సహా నీ పాత హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. ఇల్లు మారేటప్పుడు పాత సామాన్లలో వేసి అమ్మేశానని మాత్రం అనకురా. కాపీ తీసి ఎవరైనా ఇటొస్తుంటే పంపు, శనివారంలోపు.

నీ
ప్రసాద్