థాడియస్ స్టీవెన్స్ అనే మొండిఘటం

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం అందింది. "క్లయింటు మంచోడా చెడ్డోడా అని చూస్తూ కూర్చుంటే ప్లీడరు ఇంట్లో పొయ్యి వెలగదు" అని రాశావు చూడు, దానికి జవాబుగా నీకు థాడియస్ స్టీవెన్స్ అనే అమెరికా ప్లీడరు, రాజకీయ నాయకుడి కథ చెప్పాలి.

1792లో అమెరికాలోని వెర్మాంట్‌లో పుట్టాడు. పుట్టుకతోనే పాదం వంకర. తండ్రి ఇల్లు వదిలిపోతే తల్లే నలుగురు కొడుకుల్నీ పెంచింది. చదువయ్యాక పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్‌లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడే, 1821లో, ఛారిటీ బట్లర్ కేసు వచ్చింది. ఆమె మేరీలాండ్‌కు చెందిన బానిస. పెన్సిల్వేనియాలో ఆరు నెలలు ఉంచిన బానిసకు విముక్తి అని అక్కడి చట్టం. ఆమె వచ్చిపోయిన రోజులన్నీ కూడితే ఆరు నెలలు దాటాయి. మనవాడు యజమాని తరఫున లేచి, ఏకబిగిన ఉంటేనే లెక్క, ముక్కలు కూడితే చెల్లదన్నాడు. కోర్టు సరేనంది. ఆమె, పిల్లలు మళ్లీ బానిసత్వంలోకే పోయారు. లా పాయింటు మాత్రం ఎంత బాగుందో కదా! ఒళ్లు మండుతుంది.

తర్వాత ఇదే మనిషి పారిపోయి వచ్చిన బానిసల తరఫున వాదించాడు. 1838లో నల్లవాళ్ల ఓటు తీసేస్తున్నారని పెన్సిల్వేనియా కొత్త రాజ్యాంగం మీద సంతకమే పెట్టనన్నాడు. ఆ ఛారిటీ కేసు లోపల గుచ్చుతూనే ఉండి ఉంటుందని నా అనుమానం. అంతకుముందు 1835లో ఉచిత బడుల చట్టాన్ని రద్దు చేయబోతే పెన్సిల్వేనియా శాసనసభలో ఒక్క ప్రసంగంతో నిలబెట్టాడు.

నోరు మాత్రం మహా పదును. కామెరాన్ అనే మంత్రి నిజాయితీ గురించి లింకన్ అడిగితే, "ఎర్రగా కాలిన స్టవ్‌ను మాత్రం దొంగిలించడు" అన్నాడట. కామెరాన్ ఉడుక్కుని, ఆ మాట వెనక్కి తీసుకోమన్నాడు. దానికి మన స్టీవెన్స్, "దొంగిలించడని లింకన్‌తో అన్నాను, ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడట!

అంతర్యుద్ధంలో, బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలని పోరాడిన దక్షిణాది సైన్యం 1863లో అతని ఇనుప కొలిమిని తగలబెట్టింది. అయినా తగ్గలేదు. బానిసత్వం రద్దయ్యాక, పెద్ద భూస్వాముల ఎస్టేట్లు లాక్కుని విముక్తులకు 40 ఎకరాల చొప్పున పంచమన్నాడు. దున్నేవాడిదే భూమి అన్నమాట. సొంత పార్టీవాళ్లే జంకారు. అది గెలిచి ఉంటే ఆ దేశం కథే వేరేలా ఉండేదని నా గట్టి నమ్మకం. లింకన్ తర్వాత వచ్చిన ప్రెసిడెంట్ జాన్సన్‌ను దించాలని ఇతను ముందుండి నడిపిన అభిశంసన సెనేట్‌లో ఒక్క ఓటుతో పోయింది. అప్పటికే నడవలేక కుర్చీలో మోయించుకుని కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభకు వచ్చేవాడు. 1868 ఆగస్టులో పోయాడు. మిగతా శ్మశానాల్లో తెల్లవాళ్లకే చోటు కాబట్టి, అన్ని జాతులవాళ్లనూ రానిచ్చే చిన్న శ్మశానాన్ని ముందే ఎంచుకుని, ఆ సంగతి సమాధి రాయి మీదే చెక్కించుకున్నాడు. అతని ఊరు లాంకాస్టర్‌లో పార్టీవాళ్లు చనిపోయిన మనిషికే కాంగ్రెస్ సీటుకు మళ్లీ నామినేషన్ ఇచ్చారు!

సరే, ఇప్పుడు నువ్వు చెప్పు. 1821లో నువ్వే గెటిస్‌బర్గ్‌లో జూనియర్ ప్లీడరువైతే, ఆ యజమాని ఫీజు తెచ్చి టేబుల్ మీద పెడితే ఏం చేసేవాడివి? తప్పించుకోకుండా రాయి.

నీ
శేషు