చిన్నదాని చదువు గురించి నాన్నగారికి

గొట్టింగెన్, జర్మనీ

పూజ్యులైన నాన్నగారికి,

మీ అమ్మాయి నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందని, మీరు మళ్ళీ పొద్దున్నే కోట చుట్టూ నడుస్తున్నారని అన్నయ్య చెప్పాడు. సంతోషం.

మొన్న ఫోనులో చిన్నదాని లెక్కల ఎమ్మెస్సీ మాట ఎత్తగానే మీరు తేల్చేశారు. "హైదరాబాదు వద్దమ్మా, అక్కడ రాజకీయాలు ఎక్కువ. శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్ల యూనివర్సిటీ అయితే పొద్దున్న బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేస్తుంది" అన్నారు. అన్నయ్యా వదినా మీ మాటకు ఎదురు చెప్పరు. ఆ రాత్రే పిల్ల నాకు రాసింది, "అత్తా, నువ్వైనా తాతయ్యతో మాట్లాడు" అని. ఫోనులో మీ గొంతు వింటే నేను అనుకున్నది అనలేను. అందుకే కాగితం తీసుకున్నాను.

మీ భయం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. 1972లో, తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు వచ్చేనాటికి మీరు బీయస్సీ చివరి సంవత్సరంలో ఉన్నారు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ లేచిన జై ఆంధ్ర ఉద్యమంలో కోస్తా అంతటా కాలేజీలు మూతపడ్డాయి. జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. మీకు ఒక సంవత్సరం పోయింది. ఆ ఏడాదే తాతగారు గట్టు కింది పొలం చెక్క తాకట్టు పెట్టారు, మీరు ఎమ్మెస్సీ ఆశ వదులుకుని ఉపాధ్యాయ శిక్షణలో చేరారు. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పారు కాని, మీరు చదవాలనుకున్న లెక్కలు మీకు దక్కలేదు. ఊరేగింపు కనబడితే మీరు పక్క వీధిలోకి తిరిగిపోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

అయితే నాకూ ఒక సంవత్సరం పోయింది నాన్నా. అది మీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. నేను చదివిన చోటు పేరు ఇక్కడ రాయను, మీకు తెలుసు. మీరు ఏరికోరి చేర్పించిన చోటు. "గొడవల్లేని కాలేజీ" అని అందరూ అన్నారు, నిజంగానే గొడవల్లేవు. మూడేళ్ళలో ఒక్క ధర్నా చూడలేదు. ల్యాబులో తూకం యంత్రం పాడై ఏడాదిన్నర పడి ఉంది, ఎవరూ అడగలేదు. చివరి సంవత్సరం ఫలితాలు ఆలస్యమయ్యాయి, మార్కుల మెమోలు ఇంకా ఆలస్యమయ్యాయి. పై చదువుకు నాకు వచ్చిన సీటుకు గడువు దాటిపోయింది. ఆఫీసు కిటికీ దగ్గర మేం పదిహేను మంది ఆడపిల్లలం రోజూ నిలబడేవాళ్ళం. కలిసి ఒక అర్జీ రాద్దామంటే సంతకం పెట్టడానికి ఇద్దరే ముందుకొచ్చారు. మిగతావాళ్ళు ప్రాక్టికల్ మార్కులకు భయపడ్డారు. అప్పుడు మీతో "పోనీలెండి, వచ్చే ఏడు చేరతాను" అన్నాను. ఆ రాత్రి మేడమీదకెళ్ళి ఏడ్చాను. మీ సంవత్సరం గొడవలో పోయింది, నాది నిశ్శబ్దంలో పోయింది. పోయినప్పుడు రెండూ ఒకటే.

మీరు వద్దంటున్న ఆ హైదరాబాదు విశ్వవిద్యాలయం ఎలా వచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మీరు చదువు పోగొట్టుకున్న ఉద్యమాన్ని చల్లార్చడానికే కదా 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం ప్రకటించారు. అందులో ఒక సూత్రం, రాజధానిలో ఉన్నత విద్యావకాశాలు పెంచడానికి ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టాలని. దానికోసం రాజ్యాంగాన్ని సవరించి 371ఇ అధికరణం చేర్చారు. 1974లో అది అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు గారి ఇంట్లో మొదలైంది, తర్వాత గచ్చిబౌలికి మారింది. మీ తరం కుర్రాళ్ళు పోగొట్టుకున్న చదువుకు బదులుగా వచ్చిన చోటు అది. ఆ బదులు మీకు అందలేదు. మీ మనవరాలికి అందితే అది మీకు రావలసినదే అనుకుంటాను నేను.

2016 మాట మీరు ఎత్తుతారు. ఆ జనవరిలో, హాస్టల్ నుంచి బహిష్కరించిన పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆ ప్రాంగణంలోనే ప్రాణం తీసుకున్నాడు. ఆ వార్త చూసి నేనూ రెండు రోజులు అన్నం తినలేకపోయాను. తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాలని అతను చివరి ఉత్తరంలో రాసుకున్నాడు. ఆ వాక్యం నన్ను ఇప్పటికీ వదల్లేదు. దాన్నిబట్టి పిల్లల్ని అక్కడికి పంపకూడదని మీరు అంటారు. నాకు తోచింది వేరు. ఏ చదువుల చోటుకు పంపినా ముందు అడగాల్సింది ఇదే: లేనింటి బిడ్డకు డబ్బు వేళకు అందుతుందా, శిక్ష వేసే ముందు వాడి మాట వింటారా, వాడి తరఫున మాట్లాడే మనిషి ఒకరైనా ఉన్నారా? అక్కడ ఆ తర్వాత విద్యార్థులు నోరు విప్పారు కాబట్టే దేశానికి తెలిసింది. తెలియకుండా పోయిన చోట్లు ఎన్నో.

ఈ ఊరి సంగతి మీకు చెప్పాలి. మీరు తరగతిలో గౌస్ కథ చెప్పేవారు గుర్తుందా, ఒకటి నుంచి వంద వరకు చిటికెలో కూడిన పిల్లవాడని? ఆ గౌస్ పెద్దయ్యాక పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే. ఆయన తర్వాత రీమాన్, హిల్బర్ట్. ప్రపంచంలో లెక్కలు నేర్చుకోవాలనుకున్నవాళ్ళు గొట్టింగెన్ రైలెక్కే రోజులవి. ఎమ్మీ నోథర్ ఇక్కడికి 1915లో వచ్చారు. ఆడమనిషని నాలుగేళ్ళు సొంత పేరుతో పాఠం చెప్పనివ్వలేదు, హిల్బర్ట్ పేరు మీద చెప్పేవారు. మన చిన్నది ఎమ్మెస్సీలో బీజగణితం తీసుకుంటే నోథేరియన్ రింగుల దగ్గర ఈవిడ పేరే చదువుతుంది.

1933 ఏప్రిల్‌లో నాజీ ప్రభుత్వం ఒక్క చట్టం తెచ్చింది. యూదులను, తమకు నచ్చనివాళ్ళను ప్రభుత్వోద్యోగాల నుంచి తీసేయడానికి. నోథర్‌ని పంపేశారు. భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్‌ని పంపేశారు. నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ ఫ్రాంక్ తనంతట తానే రాజీనామా విసిరేశాడు. మే 10న పుస్తకాలు తగలబెట్టారు. ఆ చోటు మీదుగా నేను వారానికి రెండు మూడుసార్లు వెళ్తాను, చిన్న ఫలకం ఒకటి ఉంటుంది. తగలబెట్టింది ఊరి రౌడీలు కాదు, విద్యార్థులు. ఆ రోజు వాళ్ళ పక్కన నిలబడి ప్రసంగించిన అధ్యాపకుడూ ఉన్నాడు. గణిత విభాగానికి నాలుగేళ్ళ కిందటే కట్టిన కొత్త భవనం అలాగే ఉంది, గ్రంథాలయం అలాగే ఉంది. నూరేళ్ళు పోగైన చదువు మాత్రం కొన్ని నెలల్లో వెళ్ళిపోయింది. నోథర్ ఉద్యోగం పోయాక కూడా తన ఇంట్లో విద్యార్థులకు పాఠం చెప్పారట, వాళ్ళలో ఒకడు నాజీ దళం దుస్తుల్లో వచ్చినా ఆపలేదట. రెండేళ్ళకే అమెరికాలో చనిపోయారు. బోర్న్‌ని మన సి.వి. రామన్ బెంగళూరు పిలిపించుకున్నారు. 1935 నుంచి ఆరు నెలలు ఉన్నారాయన, స్థిరమైన ఉద్యోగం కుదరక ఎడింబరో వెళ్ళిపోయారు. ఆయన సమాధి ఇక్కడే ఉంది, రాతి మీద ఆయన సమీకరణం చెక్కారు. వేసవిలో మీరు వస్తే చూపిస్తాను.

ఇదే విశ్వవిద్యాలయం నుంచి 1837లో ఏడుగురు ఆచార్యులను రాజు తొలగించాడు. కొత్త రాజు రాజ్యాంగాన్ని రద్దు చేస్తే మేం చేసిన ప్రమాణం తప్పం అని వాళ్ళు కాగితం రాశారు, అదీ నేరం. జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులిద్దరూ వాళ్ళలో ఉన్నారు. ఇవాళ గ్రంథాలయం, పెద్ద తరగతి గదులు ఉన్న ఆవరణ పేరు "గొట్టింగెన్ ఏడుగురి కూడలి". ఇప్పుడు ఆ కూడలి గోడల నిండా విద్యార్థి సంఘాల కాగితాలు. పొద్దున్నే ఒకరు కరపత్రం ఇస్తారు, మధ్యాహ్నం దానికి జవాబుగా ఇంకొకరు ఇస్తారు. విద్యార్థుల పార్లమెంటుకు ప్రతి ఏటా ఎన్నికలు. చదువు ఆగడం నేను చూడలేదు.

మన విజయనగరంలో మాత్రం తక్కువ జరిగిందా? మీరు నడిచే దారిలోనే గురజాడ వారి ఇల్లుంది. పరీక్షల్లో వ్యావహారిక తెలుగును ఒప్పుకోవాలని 1914లో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాశారు. గ్రాంథికం వైపే గెలుపు అయింది, మరుసటి ఏడే ఆయన పోయారు. అటు శ్రీకాకుళం వైపు నుంచి గిడుగు రామమూర్తి గారు ఆ మాటే పట్టుకుని పోరాడారు. మీకు ఈ ఉత్తరం ఈ తెలుగులో రాస్తున్నానంటే వాళ్ళు ఆనాడు విశ్వవిద్యాలయంతో తగాదా పడ్డందుకే.

పత్రికలో వచ్చిన ర్యాంకుల పట్టిక మీరు ఫొటో తీసి పంపారు. ఆ కేంద్ర ర్యాంకుల్లో బోధనకు ముప్పై, పరిశోధనకు ముప్పై, విద్యార్థుల ఫలితాలకు ఇరవై మార్కులు, పేరుప్రతిష్ఠలకే పది. విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ ఇస్తూ వచ్చిన గ్రేడులకు మూలం సంస్థ తన గురించి తాను రాసి పంపుకున్న నివేదిక, ఆ తర్వాత వచ్చిన తనిఖీ బృందం. పనికొచ్చేవే, కాదనను. కాని రాత్రి ఎనిమిదింటికి గ్రంథాలయంలో ఆడపిల్లలు కూర్చోగలరా అన్నది ఆ పట్టికలో ఉండదు.

ఎచ్చెర్లను నేను తక్కువ చేయడం లేదు నాన్నా. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలై 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయమైంది. వంశధార అవతల పల్లెల నుంచి ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటిన పిల్లలు వచ్చే చోటు అది. అక్కడ పాఠం బాగుంటే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. ఒక్కటే సందేహం. రోజూ మూడు గంటలు బస్సులో గడిపే పిల్లకు సాయంత్రం సెమినారు ఉండదు, హాస్టల్ గదిలో అర్ధరాత్రి దాకా ఒక లెక్క మీద నలుగురితో వాదన ఉండదు. నేను లెక్కలు నేర్చుకోలేదు కాని, రసాయనశాస్త్రంలో సగం అలాంటి వాదనల్లోనే వచ్చింది నాకు.

కాబట్టి ఒక పని చేయండి. పిల్లతో రెండు ప్రవేశ పరీక్షలూ రాయించండి. ముందు ఒక రోజు ఎచ్చెర్ల వెళ్ళి గణిత విభాగంలో పూర్తికాలపు అధ్యాపకులు ఎందరో, కిందటేడు ఫలితాలు ఏ నెలలో వచ్చాయో విద్యార్థులనే అడగండి. తర్వాత మీరిద్దరూ విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్ళండి, ఖర్చు నాది. అక్కడ విద్యార్థి సంఘానికి ఎన్నికలు జరుగుతాయి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అవి ఆగిపోయి దశాబ్దాలైంది. 2006 నాటి లింగ్డో కమిటీ నియమాల ప్రకారం డెబ్బయి అయిదు శాతం హాజరు లేనివాళ్ళు, ఆ ఏడు పరీక్షలు మిగిలిపోయినవాళ్ళు పోటీ చేయకూడదు. గోడల మీద కాగితాలు చదవండి. ఒకే గోడ మీద ఒకరికొకరు పడని సంఘాల కాగితాలు రెండూ చిరగకుండా ఉన్నాయా చూడండి. మన జిల్లాల నుంచి వెళ్ళిన ఆడపిల్లలు తప్పకుండా ఉంటారు, వాళ్ళతో మెస్సులో కూర్చుని భోంచేయండి. ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో అడగండి. మీరు ముప్పై ఎనిమిదేళ్ళు పిల్లల ముఖాలు చదివారు. వాళ్ళు చెప్పేదాంట్లో ఎంత నిజమో మీకు తెలిసిపోతుంది.

అన్నీ చూశాక కూడా వద్దనిపిస్తే వద్దనండి. అప్పుడు నేను మాట్లాడను.

ఇంకొక కోరిక. ఆ ఏడాది జరగని పరీక్షల హాల్ టికెట్టు మీ ట్రంకు పెట్టెలో అడుగున, అమ్మ పెళ్ళినాటి శుభలేఖ కింద ఉంది. చిన్నప్పుడు నాకు ఒక్కసారి చూపించి లోపల పెట్టేశారు. రైల్లో వెళ్ళేటప్పుడు దాన్ని తీసుకెళ్ళి పిల్లకు చూపించండి.

అమ్మకు నా నమస్కారాలు. బీపీ మాత్రలు మరిచిపోకండి.

మీ అమ్మాయి