ప్యానెల్ పోసిన తేదీని దిద్దే వీలుండకూడదు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ శివార్లలో ప్రీకాస్ట్ (గోడల్లాంటి భాగాలను యార్డులో ముందే కాంక్రీటుతో పోసి, సైటుకు తెచ్చి బిగించే పద్ధతి) సైట్లలో పదకొండేళ్లుగా క్వాలిటీ ఇంజనీర్‌గా పనిచేస్తున్నాను. పోయిన వానాకాలం ఒక పొద్దున యార్డు నుంచి ఆరు గోడ ప్యానెళ్లు వచ్చాయి. రెండింటి మీద అంటించిన చీటీలు తడిసి అక్షరాలు చెరిగిపోయాయి. ఏ బ్యాచ్ కాంక్రీటో, ఏ రోజు పోశారో తెలీదు. రిజిస్టరు ఫొటో పంపమన్నాను. చూస్తే తేదీ దగ్గర వైట్‌నర్ పూసి, దాని మీద కొత్త అంకె వేసి ఉంది. 7 రోజుల క్యూబ్ టెస్ట్ (కాంక్రీటు దిమ్మను మిషన్‌లో నొక్కి బలం చూసే పరీక్ష) కాగితమేమో వేరే బ్యాచ్‌ది. క్రేన్ అద్దె గంటగంటకూ పెరుగుతోంది, పైనుంచి ఒకటే ఫోన్లు. అందరిచేతా మాటలు పడ్డాను కానీ ఆ రెండూ ఎక్కించనివ్వలేదు. తర్వాత వాటిలోంచి కోర్ (తొలిచిన కాంక్రీటు ముక్క) తీసి పరీక్షిస్తే ఒకటి పాసైంది, ఒకటి కాలేదు.

ప్రీకాస్ట్‌లో ప్యానెళ్లు కలిసే జాయింటు మూసేశాక లోపల ఏముందో ఎవరికీ కనబడదు. లండన్‌లో రోనన్ పాయింట్ భవనం ఒక మూల 1968లో గ్యాస్ పేలి కూలింది, నలుగురు పోయారు. 1986లో ఆ భవనాన్ని అంతస్తులవారీగా విప్పితేనే జాయింట్లు ఎంత నాసిగా కట్టారో బయటపడింది.

అందుకే ఈ రికార్డులకు బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి డిజిటల్ రిజిస్టరు కావాలంటున్నాను. యార్డు, ల్యాబు, లారీ, సైటు ఎవరి వంతు ఎంట్రీ వాళ్లు వేస్తారు, కాపీ అందరి దగ్గరా ఉంటుంది. ఒకరు పాత తేదీ మారిస్తే మిగతావారి కాపీలతో కలవదు. తప్పు సరిచేయాలంటే కొత్త ఎంట్రీ వేయాల్సిందే, పాతదీ అలాగే కనబడుతుంది. అయితే మొదటే అబద్ధం రాస్తే ఆ అబద్ధమే పదిలంగా ఉండిపోతుంది. కాబట్టి క్యూబ్ టెస్ట్ రీడింగు మిషన్ నుంచే నేరుగా ఎక్కాలి, మనిషి టైప్ చేయకూడదు. చీటీకి బదులు కాంక్రీటు పోసేటప్పుడే ప్యానెల్ గుర్తింపు ట్యాగు లోపల పెట్టాలి. మొత్తం లెడ్జర్ ఒక్క యార్డు కంప్యూటర్లోనే ఉంటే మాత్రం అది మళ్లీ ఆ రిజిస్టరే.

చెన్నై పెరుంబాక్కంలో కేంద్రం 1,152 ఇళ్లను ప్రీకాస్ట్‌తోనే కట్టించి 2022లో ప్రారంభించింది. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు కూడా తమ ప్రీకాస్ట్ టెండర్లలో ఈ షరతు పెట్టాలి. ఇల్లు కొన్నవారికి తాళాలతోపాటు తమ గోడల రికార్డు చూసుకునే వీలు కూడా ఇవ్వాలి.

– ఒక క్వాలిటీ ఇంజనీర్, హైదరాబాద్