మెడ మీది నలుపు మురికి కాదు

ఎడిటర్ గారికి,

నాకు పదహారేళ్లప్పుడు మా అమ్మ ఆదివారం తలంటు పోస్తూ, మెడ వెనక నలుపు వదలాలని సున్నిపిండితో మెడ కందిపోయేదాకా రుద్దేది. వదల్లేదు. అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు అని నాకు తెలిసేసరికి ఇరవై తొమ్మిదేళ్లొచ్చాయి, షుగర్ బార్డర్‌కొచ్చింది. ఆ పదమూడేళ్లూ నెలసరి మూడు నెలలకో నాలుగు నెలలకో వచ్చేది. చూపిస్తే డాక్టరు స్కాన్ చూసి, అండాశయాల్లో నీటి బుడగలున్నాయి, పెళ్లి చేసేయండి, అదే సర్దుకుంటుంది అన్నారు. అమ్మ నమ్మింది. ఆమెకు ఇంకోలా చెప్పినవాళ్లెవరు?

నాకున్నది పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్), అంటే హార్మోన్లు గాడి తప్పి నెలసరి దెబ్బతినే సమస్య, చాలామందిలో ఇన్సులిన్ కూడా సరిగా పనిచేయదు. ఆ మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది, కానీ అదేదో పిల్లలు పుట్టకపోవడానికి సంబంధించిందనే చాలామంది అనుకుంటున్నారు. పెళ్లి దానికి మందు కాదు. ఆ బుడగలు కూడా గడ్డలు కావు, పూర్తిగా ఎదగకుండా ఆగిపోయిన అండాల తిత్తులు, అవి కనిపించినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు, కనిపించకపోతే లేనట్టూ కాదు. నెలసరి తప్పడం, గడ్డం కింద వెంట్రుకల్లాంటి మగ హార్మోన్ లక్షణాలు, స్కాన్‌లో తిత్తులు, ఈ మూడింటిలో రెండుండాలి, థైరాయిడ్ లాంటివి కారణం కాదని కూడా తేలాలి. రజస్వల అయి ఎనిమిదేళ్లు నిండని పిల్లలకైతే స్కాన్‌ను బట్టి తేల్చొద్దని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా టీనేజ్ పిల్లలకు ముందు స్కానే రాస్తున్నారు, షుగర్ పరీక్ష ఊసే ఉండదు. సన్నగా ఉన్న అమ్మాయినైతే అసలు ఎవరూ అనుమానించరు, వాళ్లకూ వస్తుంది.

పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో 10 నుంచి 13 శాతం మందికి ఇది ఉందని, వాళ్లలో 70 శాతం దాకా తమకు ఉన్నట్టే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే ఏ క్లాసులోనైనా నాలాంటి అమ్మాయి ఉండే ఉంటుంది.

హైస్కూళ్లలో, హాస్టళ్లలో ఐరన్ మాత్రలిచ్చే రోజునే ఏఎన్ఎంలు ఒక్కో పిల్లనూ పక్కకు పిలిచి, కిందటిసారి నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా అని అడిగితే చాలు, దానికి మెషీన్లు అక్కర్లేదు. రజస్వల అయి ఏడాది దాటాక కూడా 90 రోజులకు పైగా నెలసరి రాకపోతే డాక్టరుకు చూపించాలని, ఏళ్ల తరబడి అలా వదిలేస్తే గర్భసంచి లోపలి పొరకు క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుందని తల్లుల మీటింగ్‌లో చెప్పండి. మీ పేపర్ కూడా ఇది మహిళల పేజీలో చిన్న బాక్సుగా వేయకుండా, మా అమ్మలాంటివాళ్లు చదివే జిల్లా పేజీలో వేస్తే బాగుంటుంది.

ఒక పాఠకురాలు,
ఖమ్మం