థీసిస్‌ను సిద్ధాంతం అనవచ్చునా?

సంపాదక మహోదయులకు నమస్కారం.

ఎవరికైనా డాక్టరేట్ వచ్చినప్పుడల్లా మన పత్రికల జిల్లా పేజీల్లో ఒకే మూసలో పోసినట్టు ఒక వాక్యం కనిపిస్తుంది: ఫలానా అంశంపై సమర్పించిన సిద్ధాంత గ్రంథానికి విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ ప్రకటించింది. చాలా ఏళ్లు తెలుగు పాఠం చెప్పి, కొన్ని మౌఖిక పరీక్షల్లోనూ కూర్చున్నవాణ్ని కనుక ఆ ‘సిద్ధాంత’ శబ్దం దగ్గర నా చూపు ఆగిపోతుంది. ‘మీ థీసిస్ ఏమిటి?’ అని అడిగితే విద్యార్థులు దాదాపు ఎప్పుడూ గ్రంథం పేరే చెప్పేవారు. ‘పేరు సరే, ఇన్ని వందల పేజీల్లో మీరు నిలబెట్టదలచిన మాట ఏమిటి?’ అని మళ్లీ అడగవలసి వచ్చేది. ఆ తడబాటులో సగం పాలు మనం వారికి అందించిన అనువాదానిదేనని నా అభిప్రాయం.

థీసిస్ గ్రీకు మాట. ‘పెట్టు, ఉంచు’ అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. సంస్కృతంలోని ‘ధా’ ధాతువు దానికి తోబుట్టువని భాషాచరిత్రకారులు తేల్చారు కనుక మన నిధి, విధి, సంధి, సంహిత అన్నీ ఈ మాటకు దూరపు చుట్టాలే. గ్రీకులు దీన్ని ఛందస్సులోనూ వాడారు: లయకు అనుగుణంగా అడుగు ఎత్తడం ఆర్సిస్, నేలమీద పెట్టడం థీసిస్. తాళం వేసేటప్పుడు మన చేతి దెబ్బ పడే చోటు అన్నమాట. తరువాతి లాటిన్ వ్యాకర్తలు వీటిని అడుగుకు బదులు గొంతు హెచ్చుతగ్గులకు అన్వయించడంతో అర్థాలు తారుమారయ్యాయి. వాదంలోకి వచ్చేసరికి, నలుగురి ముందు పెట్టిన మాట థీసిస్ అయింది. అరిస్టాటిల్ ‘టాపిక్స్’ గ్రంథంలో దానికి ఇంకా పదునైన నిర్వచనం ఇచ్చాడు. పేరున్న తత్త్వవేత్త ఒకరు లోకుల నమ్మకానికి అడ్డంగా చెప్పిన మాట థీసిస్ అట. సమస్తమూ చలిస్తూనే ఉంటుందన్న గ్రీకు తత్త్వవేత్త హెరాక్లిటస్ మాట అతడిచ్చిన ఉదాహరణల్లో ఒకటి. దారిన పోయే మనిషి అలాంటి మాట అంటే పట్టించుకోవడం తెలివితక్కువ అని కూడా చేర్చాడు. ఆ షరతు మన విశ్వవిద్యాలయాలకు వర్తింపజేస్తే ఎందరు మిగులుతారో చెప్పలేను.

ఐరోపా మధ్యయుగ విశ్వవిద్యాలయాల్లోనూ ఈ మాటకు వాదన వాసన పోలేదు. 1517లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్ ప్రకటించిన 95 థీసిస్‌లు చర్చకు పెట్టిన వాక్యాలు. స్వయంగా వచ్చి వాదించలేనివారు ఉత్తరం ద్వారానైనా వాదించవచ్చునని వాటి పీఠికలోనే ఉంది. ఆ తరువాతి కాలంలో అచ్చయిన గ్రంథానికి ప్రాధాన్యం పెరిగినా, ఆ గ్రంథం చాలాచోట్ల ఆచార్యుడిదే, సభలో దాన్ని సమర్థించుకోవలసిన పని మాత్రం శిష్యుడిది. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ వద్ద శిష్యులు సమర్థించిన 186 ప్రబంధాల్లో అధికభాగం ఆయన రచనలేనని పండితుల అభిప్రాయం. అంటే పరీక్ష రాతకు కాదు, పెట్టిన మాట మీద నిలబడగలగడానికి. ఆ మాట పేరు దాన్ని మోసిన పుస్తకానికి సంక్రమించింది. ఆంగ్లం ఈ రెండు అర్థాలనూ నేటికీ నిలుపుకొంది. మనం అనువదించుకున్నది పుస్తకాన్ని మాత్రమే.

పోనీ, మొదటి అర్థానికి మనకు మాట లేదా అంటే, గ్రీకు మాట కంటే కచ్చితమైనదే ఉంది. న్యాయశాస్త్రం, అంటే మన ప్రాచీన తర్కశాస్త్రం, అనుమాన వాక్యాన్ని (కనిపించే గుర్తును బట్టి కనిపించనిదాన్ని ఊహించి తేల్చే వాదనను) ఐదు అవయవాలుగా విడదీస్తుంది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. ‘సాధ్యనిర్దేశః ప్రతిజ్ఞా’ అని న్యాయసూత్రాలు రచించిన గౌతముని సూత్రం. నిరూపించవలసిన దాన్ని ముందుగా పేర్కొనడమే ప్రతిజ్ఞ. తెలుగువాడని పండితులు చెప్పే అన్నంభట్టు తర్కసంగ్రహం చదివినవారికి కొండమీద పొగ గుర్తుండే ఉంటుంది: కొండమీద నిప్పు ఉంది అన్నది ప్రతిజ్ఞ, పొగ కనిపిస్తోంది కనుక అన్నది హేతువు. ఆ మొదటి వాక్యమే రుజువు మోసుకుని చివర మళ్లీ వస్తే నిగమనం. సిద్ధాంతం కూడా ఆ చివరి గట్టు మాటే. పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివాడి వాదాన్ని, ఖండించాక తేలిన నిర్ణయం. ఇంకా వాదన మొదలుపెట్టని పరిశోధకుడి చేతిలో మనం గమ్యం పేరు పెడుతున్నాం. న్యాయసూత్రాలు చెప్పే నాలుగు విధాల సిద్ధాంతాల్లో, పరీక్షించకుండానే తాత్కాలికంగా ఒప్పుకున్న అభ్యుపగమ సిద్ధాంతమూ ఉందని పెద్దలు గుర్తుచేయవచ్చు. నిజమే, కానీ వాడుకలో సిద్ధాంతం అనగానే ఆ అర్థం స్ఫురించేవారు మనలో ఎవరూ లేరు.

ప్రతిజ్ఞ ఎంత బరువైన మాటో తెలియాలంటే బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుణ్ని తలుచుకోవాలి. శ్రీపర్వతంతో, కృష్ణాతీరంతో ఆయన పేరును సంప్రదాయం ముడివేసింది. అన్నింటినీ శూన్యమనే వాడి మాట కూడా శూన్యమే కదా అన్న ఆక్షేపణకు ‘విగ్రహవ్యావర్తని’లో ఆయన ఇచ్చిన జవాబు: నాకు ప్రతిజ్ఞ అంటూ ఉంటే ఆ దోషం నాకు తగిలేది, నాకు ప్రతిజ్ఞే లేదు కనుక దోషమూ లేదు. తన పక్షం స్థాపించకుండా ఎదుటివాడి మాటను కొట్టివేస్తూ పోవడాన్ని నైయాయికులు (న్యాయశాస్త్ర పండితులు) వితండ అన్నారు. ఈనాడు టీవీ చర్చలు చూస్తూ విసుగెత్తి ‘వితండవాదం’ అంటున్నప్పుడు, ఆ మాటలో ‘థీసిస్ లేని వాదం’ అన్న అర్థం చెక్కుచెదరకుండా ఉందని మనకు తట్టదు.

అయితే ప్రతిజ్ఞను ఇప్పుడు వెనక్కి తెచ్చుకోవడం కష్టం. 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులో రచించిన ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతి బడిలోనూ పిల్లల నోట పలుకుతోంది. ప్రతిజ్ఞ అంటే చేయి చాచి చదివేది అని జాతి మొత్తం ఒప్పుకున్నాక నాబోటివాడు చేయగలిగింది లేదు, చేయవలసిన అవసరమూ లేదు. ఇక సిద్ధాంతం మీద బరువు చూడండి: పైథాగరస్‌ది సిద్ధాంతం, సాపేక్షత సిద్ధాంతం, పార్టీ మారిన నాయకుడు వదిలేసింది సిద్ధాంతం, పంచాంగం చెప్పే ఆయన సిద్ధాంతి. ఇన్ని బరువుల మీద థీసిస్‌ను కూడా దాని నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

కాబట్టి నా మనవి చిన్నదే. అట్టవేసి విశ్వవిద్యాలయానికి ఇచ్చిన దాన్ని పరిశోధన గ్రంథం అందాం. ఆ మాట వాడుకలో ఉన్నదే. అందులో పరిశోధకుడు ముందుకు తెచ్చిన మాటను ప్రతిపాదన అందాం. మీ విలేకరులు ఇకమీదట డాక్టరేట్ వార్త రాసేటప్పుడు గ్రంథం పేరు, పర్యవేక్షకుల పేరు, శాలువా కప్పినవారి పేర్లతో పాటు ఆ ప్రతిపాదన ఏమిటో పరిశోధకుణ్ని అడిగి ఒక్క వాక్యంలో రాయించగలరా?

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం